పాలు పోసేది ఆమె... చీటీలో పేరు మరిదిది
ఇంజనీరింగ్ విద్యార్థినికి పాల కేంద్రంలో దొరికిన పాఠం

ఒంగోలు: తెల్లవారుజామున ఐదు గంటలు. మంచు ఇంకా విడవలేదు. పాల కేంద్రం వరండాలో అప్పటికే పాతిక మంది దాకా క్యాన్లు, స్టీలు బిందెలు పట్టుకొని వరసలో నిలబడి ఉన్నారు. సెక్రటరీ బల్ల పక్కన ముక్కాలి పీట మీద శాలువా కప్పుకొని ఒక అమ్మాయి కూర్చున్నది. ఎవరు వస్తున్నారు, ఏం చేస్తున్నారు, సెక్రటరీ ఏం అడుగుతున్నాడు అన్నీ పొడుగాటి నోటు పుస్తకంలో రాసుకుంటున్నది. వరసలో ఉన్న ఒక ముసలమ్మకు అనుమానం వచ్చింది.

"ఏందమ్మాయ్, నీళ్లు కలిపినోళ్ల పేర్లు రాస్తన్నావా?"

అందరూ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వి, "లేదు మామ్మా, ఇది మా కాలేజీ పని" అన్నది.

"పాల కేంద్రంలో కాలేజీ పనేందే?" అని ముసలమ్మ నోరు తెరిచింది.

నోరు తెరవవలసిన సంగతే. ఆ అమ్మాయి ప్రకాశం జిల్లాలోని ఆ గ్రామానికి చెందినదే. కాకినాడ జె.ఎన్.టి.యు.కు అనుబంధంగా ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ బ్రాంచి మూడో సంవత్సరం చదువుతున్నది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి రెండు పూటలా పాల కేంద్రంలోనే కాపురం పెట్టింది.

'ఎవర్ని అడిగి రాశావమ్మా?'

పిల్లల్ని ఇంజనీరింగ్‌కు పంపిన ఇళ్లు ఇప్పుడు జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తాయి. ఏం చదువుతున్నారని అడిగితే 'కంప్యూటర్స్' అంటారు. కంప్యూటర్‌లో ఏం చదువుతున్నారని అడిగితే మాత్రం తల్లిదండ్రులు పక్కకు చూస్తారు. చాలామంది ఇళ్లలో 'దాని ముందు కూర్చుని ఏదో కొడతారంట' అన్నంత వరకే తెలుసు. కొట్టేది తర్వాత సంగతి. కొట్టకముందు చేయవలసిన పని ఒకటున్నది. దానిని 'రిక్వైర్‌మెంట్స్' అంటారు.

ఇల్లు కట్టే మేస్త్రీ పునాది తవ్వకముందు యజమానిని అడుగుతాడు. ఎన్ని గదులు, దొడ్డి ఎటు, గొడ్ల చావిడి ఉంచాలా తీసేయాలా, ముసలివాళ్లు ఉన్నారా, మెట్లు ఎత్తుగా ఉంటే ఎక్కగలరా అని. అడగకుండా కట్టిన ఇంట్లో తర్వాత గోడలు పగలగొట్టుకోవాలి. కంప్యూటర్‌లో ఒక పని చేసి పెట్టే ఏర్పాటును కట్టేటప్పుడూ అంతే. ఎవరికి ఏం కావాలి, ఇప్పుడు పని ఎలా జరుగుతున్నది, ఎక్కడ తిరకాసు వస్తున్నది అన్నవి ముందు అడిగి, కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం ఎలా ఉండాలో అమెరికాలోని ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. 1984లోనే ఒక నమూనా ఇచ్చింది. తర్వాత దాన్ని మార్చారు, వేరే ప్రమాణాలు వచ్చాయి. అయినా మన కాలేజీలలో పిల్లలు రాసే కాగితం ఇప్పటికీ చాలావరకు ఆ పోలికలోనే ఉంటుంది.

చెప్పుకోవడానికి ఇది చాలా సులువైన పాఠం. అందుకే పిల్లలు దీన్ని చిన్నచూపు చూస్తారు. లైబ్రరీ, ఆసుపత్రి, హాస్టలు అని నాలుగైదు ప్రాజెక్టులు ఏటా ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి చేతులు మారుతూనే ఉంటాయి. పట్నాలలో ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు కూడా ఉన్నాయి. ఆసుపత్రి గుమ్మం తొక్కకుండానే ఆసుపత్రి ప్రాజెక్టు పూర్తి చేసి మార్కులు తెచ్చుకున్నవారు కొల్లలు.

ఈ అమ్మాయి కూడా మొదట హాస్టలు గదిలోనే కూర్చుని పాల కేంద్రం మీద పద్నాలుగు పేజీలు రాసింది. సొంత ఊరి పాల కేంద్రమే కదా, తెలియనిదేముందని ధీమా. పాఠం చెప్పే అధ్యాపకురాలు ఆ కాగితాలన్నీ తిరగేసి ఒక్క ప్రశ్న వేసింది.

"ఎవర్ని అడిగి రాశావమ్మా?"

జవాబు లేదు. కాగితాలు వెనక్కి వచ్చాయి. సెలవుల్లో వెళ్లి, పాలు పోసేవాళ్లతో, కొలిచేవాళ్లతో, డబ్బు తీసుకునేవాళ్లతో మాట్లాడి రమ్మని ఆజ్ఞ.

ఒకే పేరు ముగ్గురిది

మొదటి రోజే ఆమె రాసిన కాగితానికి చిల్లు పడింది. పాలు పోసేవారిని పేరుతో గుర్తించవచ్చని రాసుకొచ్చింది. తీరా చూస్తే ఊళ్లో ఒకే పేరు గల ఆడవాళ్లు ముగ్గురు పాలు పోస్తున్నారు. వారిలో ఇద్దరిది ఒకే ఇంటిపేరు. భర్తల పేర్లు కూడా ఒకటే, ఎందుకంటే ఇద్దరు భర్తలకూ తాత పేరే పెట్టారు. ఊళ్లో వాళ్లకు ఇబ్బంది లేదు. ఒకరిని 'బావికాడ' అని, ఇంకొకరిని 'కొత్తిల్లు' అని పిలుస్తారు. కంప్యూటర్‌కు బావి తెలియదు.

"పోనీ ఫోను నంబరు పెడితే, బాబాయ్?" అని ఆమె సెక్రటరీని అడిగింది.

"ఫోన్లు హైదరాబాదులో ఉన్న కొడుకుల పేరున ఉంటయ్యమ్మా. వాడు సిమ్ము మార్చినప్పుడల్లా నీ లెక్క మారిద్ది" అన్నాడాయన.

చివరికి కేంద్రం వారు ఎప్పటి నుంచో క్యాను మీద రంగుతో వేస్తున్న నంబరే గతి అయింది. పుస్తకంలో దీన్ని 'ప్రైమరీ కీ' అంటారు. ఒక మనిషికి ఒక్కటే, ఇద్దరికి ఒకటి ఉండకూడదు, మారకూడదు. ఈ సంగతి పేరు తెలియకుండానే పాల కేంద్రంలో ఏళ్ల తరబడి అమలులో ఉన్నది.

ఇక్కడ కాస్త పాఠం చెప్పుకోక తప్పదు. రెండో సంవత్సరంలో పిల్లలకు డి.బి.ఎం.ఎస్. అని ఒక సబ్జెక్టు ఉంటుంది. సమాచారాన్ని దాచే, వెతికే, సరిదిద్దే పద్ధతి అన్నమాట. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో రాసిన ఒక వ్యాసం దీనికి పునాది. అంతకుముందు కంప్యూటర్‌లో సమాచారం చెట్టు కొమ్మల్లాగా, ఒకదానికి ఒకటి ముడివేసి ఉండేది. ఏ కొమ్మ మీదుగా వెళ్లాలో తెలిసినవాడికే కాయ దొరుకుతుంది. కొమ్మ నరికితే దారి తప్పుతుంది. కాడ్ ఏమన్నాడంటే, అన్నిటినీ మామూలు పట్టికలుగా పెట్టండి, అడ్డు వరసలు, నిలువు గడులు, ఒక పట్టికకూ ఇంకొక పట్టికకూ సంబంధం ఉమ్మడిగా ఉన్న నంబరుతో తెలుస్తుంది అని. ఆయనకు 1981లో ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు. 1976లో పీటర్ చెన్ అనే ఆయన పట్టికలు గీయకముందు బొమ్మ గీసే పద్ధతి చెప్పాడు. మనుషులు, వస్తువులకు పెట్టెలు, వాటి మధ్య సంబంధాలకు వజ్రపు ఆకారాలు. మన పిల్లలు పరీక్షల్లో స్కేలు పెట్టి గీసేది ఆ బొమ్మలే. వాళ్లు చదివే పేరున్న పుస్తకాలలో ఒకటి రాసిన ముగ్గురిలో ఒకరైన సుదర్శన్ గారు ఐ.ఐ.టి. బొంబాయిలో ఆచార్యులు.

కరణం గారి కాలంలో దస్త్రాలు చూసినవారికి ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. నిజమే, గడులు గీయడం కొత్త కాదు. ఏ గడి గీయాలో, ఏది గీయకూడదో తేల్చుకోవడం దగ్గరే చిక్కంతా.

ధర మారితే పాత బిల్లు ఏమవుతుంది?

పాల ధర అందరికీ ఒకటి కాదని పాలు పోసేవారికి చెప్పనక్కరలేదు. వెన్న శాతాన్ని బట్టి, ఎస్.ఎన్.ఎఫ్.ను బట్టి ధర. ఒకప్పుడు గాజు గొట్టంలో యాసిడ్ పోసి, చక్రంలో పెట్టి తిప్పి వెన్న చూసేవారు. ఇప్పుడు చిన్న గ్లాసుతో యంత్రానికి పాలు అందిస్తే అంకెలు తెర మీదికి వస్తాయి.

అమ్మాయి తన కాగితంలో ధరకు ఒక్క గడి పెట్టింది. మాటవరసకు వెన్న పాయింటుకు 8 రూపాయలు అనుకుందాం. 7 వెన్న ఉన్న 3 లీటర్ల పాలకు 168 రూపాయలు. నెలలో పదో తారీఖున ధర ఎనిమిదిన్నర అయిందనుకోండి. ఆ ఒక్క గడిలో అంకె మార్చగానే తొమ్మిదో తారీఖున పోసిన పాలకు కూడా కంప్యూటర్ 178 రూపాయల 50 పైసలు చూపిస్తుంది. ధర తగ్గినప్పుడైతే ఇంకా గొడవ, పోసిన పాలకు డబ్బు కోసినట్లవుతుంది.

"ధరొక్కటే రాస్తే చాలదమ్మాయ్, ఎప్పటి నుంచో కూడా రాయాలి" అని సెక్రటరీ ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆయన చదివింది పదో తరగతి. ఆమె ఆ రాత్రి ధరకు వేరే పట్టిక గీసింది. వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., ధర, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు అని.

కరెంటు పోయిన పూట లెక్క కాగితం మీద రాసి తర్వాత ఎక్కించడం, దాణా బస్తా అప్పు పదిహేను రోజుల బిల్లులో కోసుకోవడం, చూడి గేదె ఉన్న ఇల్లు నెలల తరబడి పాలు పోయకపోయినా నంబరు తీసేయకుండా ఉంచడం, ఇలాంటివి మరో డజను తేలాయి. వాటిలో ఒక్కటి కూడా పద్నాలుగు పేజీలలో లేదు. కానీ ఆమె నోటు పుస్తకంలో ఎర్ర గీత కింద రాసుకున్నది వీటిలో ఏదీ కాదు.

గడి లేని మనిషి

మూడో రోజు సాయంత్రం ఒకామె పాలు తెచ్చి పోసింది. యంత్రం చీటీ కొట్టింది. చీటీలో పేరు మగవారిది. అది మామూలే. ఆ కేంద్రంలో పాలు పిండేది, గడ్డి కోసుకొచ్చేది, క్యాను మోసుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే అయినా నంబర్లు చాలావరకు భర్తల పేర్ల మీదనే ఉన్నాయి. అయితే ఆ పేరు ఆమె భర్తది కూడా కాదు.

"ఆ పేరు ఎవరిది పిన్నీ?" అని అమ్మాయి అడిగింది.

"మా మరిదిదమ్మా."

ఆమె భర్త చనిపోయి రెండేళ్లు దాటింది. నంబరు ఆయన పేరున ఉండేది. బిల్లు చేతికి ఇచ్చిన రోజుల్లో అయితే ఆమే వచ్చి వేలిముద్ర వేసి తీసుకునేది. తర్వాత డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడే పద్ధతి వచ్చింది. ఆయన పోయాక ఆయన ఖాతా ఆగిపోయింది. ఆ కాగితం తే, ఈ కాగితం తే అని తిరగలేక, అప్పటికి పని జరగాలి గనుక మరిది నంబరు మీద పాలు పోయడం మొదలుపెట్టింది. ఆ 'అప్పటికి' ఇంకా నడుస్తూనే ఉన్నది. రెండు గేదెలు ఆమెవి, చాకిరీ ఆమెది, డబ్బు మరిది ఖాతాలో పడుతుంది. ఆయన మంచివాడే, ఇస్తాడు. ఇచ్చినప్పుడు ఇస్తాడు.

"తవుడు బస్తాకు కూడా వాళ్లింటి గుమ్మంలో నిలబడాల్సొస్తంది" అన్నది ఆమె. పక్కన ఎవరూ లేనప్పుడు.

2018-19 కేంద్ర బడ్జెట్‌లో కిసాన్ క్రెడిట్ కార్డు పశువులు పెంచుకునేవారికి కూడా ఇస్తామన్నారు. ఆమె ఆ సంగతి విని బ్యాంకుకు వెళ్లింది. పాలు పోస్తున్నట్లు ఆధారం అడిగారు. రెండేళ్ల చీటీలు మూటగట్టి తీసుకువెళ్లింది. ఒక్కదాని మీదైనా ఆమె పేరు లేదు. యంత్రం దృష్టిలో ఆమె ఈ రెండేళ్లలో ఒక్క చుక్క పాలు పోయలేదు.

అమ్మాయి ఆ రాత్రి తన పట్టికలో 'సభ్యుడు' అన్న గడి పక్కన ఇంకొక గడి గీసింది. 'పాలు పోసినవారు' అని.

మర్నాడు ఆ గడి చూపిస్తే సెక్రటరీ మొహం మాడ్చుకున్నాడు.

"ఇది పెట్టబాక. ఊళ్లో కొంపలు అంటుకుంటయ్. మొగుడు నంబరు నాదంటాడు, పెళ్లాం పాలు నావంటది. మధ్యలో నన్ను పిలిచి పంచాయతీ పెడతారు" అన్నాడు.

వరసలో ఉన్న ఒక రైతు, "పేరు ఎవరిదైతే ఏంది, డబ్బులు ఇంటికే గదా వచ్చేది" అన్నాడు. ఆయన వెనక నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ పెదవి విప్పలేదు. అడిగితే చెప్పేదే రిక్వైర్‌మెంటు అని పుస్తకం అంటుంది. పదిమందిలో అడిగితే చెప్పని మాట కూడా ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది. తర్వాత రెండు రోజులు ఆమె కేంద్రం దగ్గర కాక, మధ్యాహ్నం పూట గొడ్ల చావిళ్ల దగ్గరకు వెళ్లి కూర్చున్నది. అక్కడ మాటలు వచ్చాయి. సొంత నంబరు కావాలన్నవారు కొందరు, వద్దన్నవారు కొందరు. వద్దన్న ఒకామె చెప్పిన కారణం: "నా పేరున పడితే డ్వాక్రా అప్పు కింద బ్యాంకోళ్లు పట్టుకుంటారమ్మా." ఈ సమాధానం కూడా నోటు పుస్తకంలోకి ఎక్కింది.

'నా సంగతీ అంతే గదమ్మా'

ఈ గొడవంతా వింటూ అరుగు మీద కూర్చున్న ఒక కౌలు రైతు, "నా సంగతీ అంతే గదమ్మా" అన్నాడు. ఆయన మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. భూమి ఎవరిదో 1-బి చెబుతుంది. ఆన్‌లైన్ అడంగల్‌లో అనుభవదారు అని గడి ఉన్నది, కానీ ఆయన పొలానికి ఆ గడిలో కూడా యజమాని పేరే ఉన్నది.

ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారులకు కార్డులు ఇవ్వడానికి 2011లో చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం పదకొండు నెలల ఒప్పందానికి యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే భూమి పోతుందేమోనని యజమానికి భయం, అడిగితే కౌలు పోతుందేమోనని రైతుకు భయం. గడి ఉంటుంది, నిండదు. తెలంగాణలో ఇంకో తీరు జరిగింది. 2020 అక్టోబరులో ధరణి వచ్చినప్పుడు పాత పహాణీలలో ఉండే అనుభవదారు గడినే లేకుండా చేశారు. సాగు చేసేవాడి పేరు రాయడానికి అప్పుడు చోటే లేకపోయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి తెచ్చారు.

యంత్రం వచ్చినంత మాత్రాన మనుషుల తీరు మారదని చెప్పడానికి కాలేజీలలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కథ కూడా చెబుతుంటారు. 1998లో అక్కడ కంప్యూటర్లు పెట్టారు. దస్తావేజును చేతితో పుస్తకంలోకి ఎక్కించే పని తగ్గింది, రోజుల పని గంటల్లోకి వచ్చింది. అయినా ఆఫీసు బయట చెట్టు కింద దస్తావేజు లేఖరి బల్ల మాత్రం కదలలేదు. యంత్రం, దాని చుట్టూ ఉన్న మనుషులు, కాగితాలు, భయాలు అన్నీ కలిస్తేనే 'ఇన్ఫర్మేషన్ సిస్టమ్' అని పుస్తకం చెబుతుంది. పరీక్షలో ఈ నిర్వచనం రెండు మార్కులకు వస్తుంది.

పెన్నుతో రాసిన పేరు

సెలవులు అయిపోయే నాటికి కాగితం ఆరు పేజీలకు తగ్గింది. పాలు పోసినవారి గడి మీద మాత్రం సెక్రటరీకీ ఆమెకూ చివరి దాకా తగవే. ఆఖరుకు మధ్యేమార్గం కుదిరింది. సభ్యుడి నంబరు, డబ్బు పడే ఖాతా ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. పోసినవారి పేరు తప్పనిసరి కాదు, కావాలన్నవారికే రాస్తారు. రాస్తే చీటీ మీద రెండు పేర్లూ అచ్చవుతాయి. ఇద్దరి మాటా కాగితంలో ఉన్నది. సెక్రటరీ అభ్యంతరాన్ని కూడా ఆమె ఆయన మాటల్లోనే రాసింది. కొంపలు అంటుకునే సంగతి మాత్రం కొంచెం మెత్తగా.

ఇదంతా కాలేజీ కాగితం. కేంద్రంలో ఉన్న యంత్రం కంపెనీ ఇచ్చింది, అందులోని ప్రోగ్రాము కూడా వాళ్లదే. దానిలో కొత్త గడి పెట్టడం సెక్రటరీ చేతిలో లేదు, అమ్మాయి చేతిలో అసలే లేదు. సొంత నంబరు కావలసినవారు ఆధారు, బ్యాంకు పుస్తకం, ఫోటో తెస్తే కొత్త సభ్యత్వం రాస్తామని సెక్రటరీ అంటున్నాడు. భర్త పోయినామె బ్యాంకు పుస్తకం కోసం తిరుగుతున్నది.

అమ్మాయి ఊరు వదిలే రోజు పొద్దున కూడా ఆమె పాలు తెచ్చింది. మూడు లీటర్ల చిల్లర. వెన్న బాగానే వచ్చింది. యంత్రం చీటీ కొట్టింది, మరిది పేరు మీదే. సెక్రటరీ ఆ చీటీ ఇవ్వబోయి ఆగాడు. చెవి మీది బాల్‌పెన్ను తీసి, చీటీ వెనక ఆమె పేరు, తారీఖు రాసి, కింద సంతకం చేసి ఇచ్చాడు.

"ఇది బ్యాంకోళ్లు చూస్తారా?" అని ఆమె అడిగింది.

"ఏమో. ఉంచుకో" అన్నాడు సెక్రటరీ.

ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకున్నది. వరసలో వెనక ఉన్నామె క్యాను ముందుకు జరిపి, "నాక్కూడా రాయి అబ్బాయా" అన్నది.